ఇంకో యాభై కిలోమీటర్లు

“ఆరేళ్ళ బండి. తొమ్మిది వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. పొగ పరీక్షలో ఎలా ఫెయిలవుతుందయ్యా?”

“తిరగకపోవడం వల్లేనండి,” అన్నాడు ఎలీయాజరు, వ్యాను కింద నుంచి బయటికి జరుగుతూ. “డీజిలు ఇంజను బాగా వేడెక్కాలండి. మీరేమో ఇంటి దగ్గర తీసి ఆసుపత్రి దగ్గర ఆపేస్తారు. లోపలంతా మసి పేరుకుపోయింది. రెండు రోజులు వదిలెళ్ళండి, విప్పి శుభ్రం చేస్తాను.”

పాండురంగారావు తాళం ఇచ్చి ఆటో ఎక్కాడు.

ఆ వ్యాను భార్య రత్నమాణిక్యం కోసం కొన్నది. పక్షవాతం వచ్చి ఆవిడ కుడివైపంతా పడిపోయాక, వెనక సీట్లు తీయించి పరుపు వేయించాడు. వారానికి రెండుసార్లు ఏలూరులోనే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొస్తాడు. అంతకు మించి ఒక్క వీధి కూడా తిప్పడు. కుదుపులకి ఆవిడ గుండె తట్టుకోదేమోనని భయం.

ఆ ఉదయం కూడా ఆసుపత్రికి వెళ్ళొచ్చారు. అతను మందులు కొనుక్కుని వచ్చేసరికి డాక్టరు మాట్లాడడం అయిపోయింది.

“ఏమన్నారు మాణిక్యం?”

“ఎప్పుడూ అనేదేనండీ. ధైర్యంగా ఉండమన్నారు,” అంది ఆవిడ. ఎడమ చేత్తో ఫోనులో పాత పాటలు వెతుక్కుంటోంది.

మూడోనాడు ఎలీయాజరు బండి ఇస్తూ తల గోక్కున్నాడు.

“వాల్వు విప్పి మసి తీశానండి. ఎయిర్ ఫిల్టరు కూడా మార్చాను. కానీ పొగ ఇంకా కాస్త ఎక్కువే ఉంది. హైవే మీద నాలుగో గేరులో తాడేపల్లిగూడెం దాకా వెళ్ళి రండి. లోపల మిగిలింది కాలిపోతుంది.”

“నువ్వే తిప్పకూడదూ?”

“షెడ్డులో ఒక్కణ్ణేనండి. అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి. అంతసేపు ఇంట్లో ఒక్కరే ఎలా ఉంటారు?”

వేరే దారి లేక బయలుదేరాడు. రత్నమాణిక్యం దారి పొడుగునా కిటికీలోంచి కళ్ళు తిప్పలేదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ దగ్గర బండి ఆపమంది.

“ఈ ఘాటు గుర్తుందా మీకు? ఈ వెనక సందులోనే కదూ మన మొదటి కాపురం. రాత్రిళ్ళు కూడా కళ్ళు మండేవి. నేనేదో ఏడుస్తున్నానని మీరు కంగారు పడేవారు.”

పాండురంగారావు నవ్వాడు. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు.

తిరిగొచ్చాక ఎలీయాజరు సైలెన్సరు దగ్గర వంగి చూసి పెదవి విరిచాడు.

“తగ్గిందండి. ఇంకో యాభై కిలోమీటర్లు తిరగాలి. ఈసారి కొల్లేరు వైపు వెళ్ళండి. ట్రాఫిక్ ఉండదు, ఎక్కడా ఆగకుండా పోవచ్చు.”

కొల్లేటి గట్టు మీద వెనక తలుపులు తెరిచి, ఆవిడ తల కింద రెండు దిళ్ళు పెట్టాడు. చెరువుల మీంచి గూడబాతులు బారులు తీరి వచ్చి, చెట్ల మీద బరువుగా వాలుతున్నాయి.

“పెళ్ళయిన కొత్తలో చూపిస్తానన్నారు,” అంది.

“చూపించానుగా.”

“నలభై రెండేళ్ళకి,” అని అతని చెయ్యి పట్టుకుంది. చీకటి పడేదాకా వదల్లేదు.

మూడోసారి పెదవేగి వైపు పంపాడు ఎలీయాజరు. మెరక రోడ్డయితే ఇంజను గట్టిగా లాగుతుందట. పామాయిలు తోటల మధ్య ఒక ఇంటి ముందు ఆపమంది ఆవిడ. పొలం పంపకాల్లో మాటా మాటా అనుకుని, తొమ్మిదేళ్ళుగా మాటల్లేని అక్క వీరరాఘవమ్మ ఇల్లు అది. అక్క వచ్చి, పరుపు మీదున్న చెల్లెల్ని చూసి, వ్యానులోకి ఎక్కి ఆవిడ పక్కనే కూలబడింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా ఏడ్చారు.

ఆ తర్వాత తొమ్మిదో రోజు తెల్లవారుజామున రత్నమాణిక్యం నిద్రలోనే పోయింది.

కర్మకాండలన్నీ అయ్యాక పాండురంగారావు వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. తాళం బల్ల మీద పెట్టాడు.

“ఎవరికైనా ఇచ్చెయ్యి. ఇది నా కంటికి కనబడకూడదు.”

“కూర్చోండి సార్.”

“ఏం కూర్చోమంటావయ్యా? ఆరేళ్ళు గాజుబొమ్మలా చూసుకున్నాను. పొగ, పొగ అని నువ్వన్నావు. నేను విన్నాను. ఆ కుదుపులకే పోయింది మాణిక్యం. ఓ బండి ఇంజను బాగుపడాలని నా భార్యని నేనే చంపుకున్నాను.”

ఎలీయాజరు సొరుగు లాగి, మడిచిన కాగితం తీసి అతని చేతిలో పెట్టాడు. పొగ పరీక్ష సర్టిఫికెట్. పాస్.

పాండురంగారావు తేదీ చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తాడేపల్లిగూడెం వెళ్ళిన రోజుకి ముందు రోజు అది.

“అంటే... అప్పటికే పొగ తగ్గిందా?”

“తగ్గిందండి.”

“మరి నన్నెందుకు తిప్పావు? పోయేముందు మాణిక్యాన్ని ఊళ్ళ వెంట ఎందుకు తిప్పించావు?”

ఎలీయాజరు కళ్ళు తుడుచుకున్నాడు.

“మీరు బండి నాకిచ్చిన రోజే డాక్టరు ఇంక ఎక్కువ రోజుల్లేవన్నారట. అమ్మగారే ఫోన్ చేసి అడిగారండీ.”