గూడబాతుల వరుస

ఒకానొక మడుగులో గూడబాతులన్నీ వరుసకట్టి చేపలు పట్టేవి. నాయకుడు గజముక్కు కూత వేయగానే, తనతో సహా అందరూ ఒక్కసారిగా తలలు నీళ్ళలో ముంచాలి. ఆ వరుసలో చోటు పోయిన పక్షికి పూట గడవదు.

అందరి తలలూ మునగగానే గజముక్కు పక్కనున్న ధవళి అనే ఆడపక్షిని ఒరుసుకునేవాడు, ఈకలు పీకేవాడు. పాపం, ఆమె ఓర్చుకుని ఓర్చుకుని, చివరికి దేవుడి మీద భారం వేసి, తీర్పులు చెప్పే తాబేలు తాతకి మొరపెట్టుకుంది.

"వాడి పక్కన ఎందుకు నిలబడ్డావమ్మా?"

"నిలబెట్టింది ఆయనే తాతా."

"మరి అరవలేదేం?"

"అరిస్తే చేపలు చెదిరి అందరి నోటి కూడూ పోతుంది కదా!"

చూసినవాళ్ళెవరని తాత అడిగితే, "మా తలలు నీళ్ళలో ఉన్నాయి" అన్నాయి తక్కిన పక్షులు. తాత నిట్టూర్చి, ధవళినే అవతలి రేవుకు పొమ్మన్నాడు. ఒంటరి పక్షికి అక్కడ చేప దక్కదని ఆమెకు తెలుసు.

"ఆయన్నీ ఒక్క మాట అడగండి తాతా, మీ కాళ్ళు పట్టుకుంటాను" అని వేడుకుంది.

సరేనని అడిగితే గజముక్కు నవ్వాడు. "నా తలా నీళ్ళలోనే ఉంటుంది, ఎవరి జోలికి పోతాను? ఇదొక్కతే తలెత్తి దిక్కులు చూస్తుంటుంది. రోజూ చూస్తూనే ఉన్నాగా!"

"నీళ్ళలోంచి ఎలా చూశావు నాయనా?"

ఆ పొద్దే గజముక్కుని వరుసలోంచి వెళ్ళగొట్టారు.

ధవళి కన్నీళ్ళు మాత్రం ఆగలేదు. "నీ చోటు నీకుందిగా తల్లీ, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు తాత.

"ఆ ఒక్క మాట ఆయన్ని అడగడానికి, నేను మీ కాళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది కదా తాతా!"