ఉడికిన ఆకు

సాల్మన్‌రాజు టిఫిన్ డబ్బా తెచ్చి కాలేజీ ల్యాబులో మైక్రోస్కోపు పక్కన పెట్టాడు. అందులో రాత్రి మిగిలిన తగిరిసాకు కూర ఉంది.

ఆ కూర తిన్నది కూతురు జెన్నీ ఒక్కతే. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచింది. నర్సీపట్నం ఆసుపత్రికి చేర్చేసరికి రెప్పలు ఎత్తలేకపోతోంది.

తగిరిస తినే ఆకు. దాని దగ్గరి చుట్టం కసింద తింటే ప్రాణం మీదికి వస్తుంది. లేతగా ఉన్నప్పుడు రెండింటికీ తేడా తెలియదు.

కసింద అయితే విరుగుడు లేదన్నాడు డాక్టరు. కాకపోతే వేరే కారణం వెతకాలి. అది ఏ ఆకో కాలేజీలో తేల్చుకురమ్మన్నాడు.

ఆకు అమ్మింది కొయ్యూరు జోగులమ్మ. కబురు విని ఆసుపత్రికి తనే వచ్చింది. తను అమ్మింది మంచి ఆకేనని చెప్పబోతుంటే సాల్మన్‌రాజు రెక్క పట్టి లాగేశాడు. ఆమె మెట్ల మీద పడింది. అతను వెనక్కి చూడలేదు.

"ఉడికిపోనాదండి. తెలుస్తాదా?" డబ్బా మూత తీస్తూ అడిగాడు సాల్మన్‌రాజు.

"ఉడికినా పైపొర ఉంటుంది" అంది బోటనీ మేడమ్.

పొర తీసి గాజుపలక మీద పరిచింది. రెండు మొక్కల ఆకుల పొరలూ పక్కన పెట్టుకుంది. నూగు ఎలా ఉందో, గాలి రంధ్రాలు ఎలా అమరి ఉన్నాయో పోల్చసాగింది.

ఇంతలో ఆమెకు ఫోన్ వచ్చింది. విని, సాల్మన్‌రాజు వైపు చూసింది. పని వదిలేసి వెళ్లిపోతుందేమోనని అతను గుమ్మానికి అడ్డంగా జరిగాడు.

ఆమె ఫోన్ పక్కన పెట్టి మళ్లీ వంగింది.

"కసిందేనా అండీ? ఆ ముసల్దాన్ని వదల్ను."

"ఇంకోసారి చూడాలి."

"బేగి సూడండి. పిల్ల పోతాది."

ఆమె డబ్బాలోంచి వేరే ముక్కలు తీసింది. మళ్లీ మొదటినుంచి చూసింది.

"తగిరిసే. డాక్టరుగారికి ఇప్పుడే ఫోన్ చెయ్యండి."

డాక్టరు విని, రాత్రి పిల్ల ఎక్కడ పడుకుందని అడిగాడు.

"నేల మీదండి."

అది కట్లపాము పని. దాని కాటు ఒక్కోసారి కంటికి కనబడదు. వెంటనే పాముకాటు మందు ఎక్కించారు. సాయంత్రానికి జెన్నీ కళ్లు తెరిచి నాన్నా అంది.

సాల్మన్‌రాజు వరండాలోకి వచ్చాడు. బోటనీ మేడమ్ బెంచీ మీద కూర్చుని ఉంది.

"నా పిల్లని నిలబెట్టేరు. మల్లీ ఇంత దూరం వచ్చేరేటండీ?"

ఆమె ఎదురుగా ఉన్న తలుపు వైపే చూస్తోంది.

ఆడవాళ్ల వార్డులోంచి నర్సు తొంగి చూసింది.

"జోగులమ్మ తాలూకా ఎవరండీ? ఇంకా తెలివి రాలేదు, వైజాగ్ తీసుకెల్లాల."

"నేనేనండి, కూతుర్ని" అంటూ మేడమ్ లేచింది.