పక్క చాప

"అబ్బ, మళ్లీ మొదలు!"

పెద్ద టీచరమ్మ కళ్లు తెరవకుండానే పళ్లు నూరింది.

ధ్యానం తరగతిలో చేరి అది నాలుగో ఉదయం. హాల్లో చాపల మీద ఇరవై మంది వెల్లకిలా పడుకున్నారు. స్పీకర్లోంచి ఒక ఆడగొంతు వాళ్ల ధ్యాసను పాదాల నుంచి తాపీగా పైకి నడిపిస్తోంది.

"ఎడమ మోకాలు... అక్కడేముందో చూడండి. నొప్పా? ఉండనివ్వండి. అదీ ఉండిపోయేది కాదు."

ఆ గొంతంటే టీచరమ్మకు ప్రాణం. రిటైరయ్యాక పట్టుకున్న మెడనొప్పి ఏ మందుకూ లొంగలేదు. ఈ గొంతు చెప్పినట్టు గమనిస్తూ ఉంటే లేస్తోంది, తగ్గుతోంది, మళ్లీ లేస్తోంది.

చిక్కల్లా పక్క చాపావిడతోనే. గొంతు ఒక మాట అనడం, ఆవిడ వెనకే "మో... మో..." అంటూ నసగడం.

తరగతి అయ్యాక చెప్పులు వేసుకునే చోట టీచరమ్మ ఆవిణ్ణి ఆపింది. ముప్పై ఏళ్లు బడిపిల్లల అల్లరి అణచిన నోరు మరి.

"ఏమ్మా, చిన్నపిల్లవా? అరగంట నోరు మూసుకుని పడుకోలేవూ? బంగారంలాంటి గొంతు, పాడు చేస్తున్నావు!"

ఆవిడ పెదవులు కదిలాయి. మాట రాలేదు. కుడి చెప్పు సరిగ్గా తొడుక్కోకుండానే తల వంచుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు ఆవిడ అరచేత్తో నోరు నొక్కుకుని పడుకుంది. ఆ పై రోజు చాప ఖాళీ.

కోరుకున్న నిశ్శబ్దం దొరికింది. అయినా టీచరమ్మకు మనసు నిలవలేదు. "గుండె దగ్గర ఏముందో చూడండి" అన్నప్పుడల్లా అక్కడ సిగ్గే తగిలింది. గమనించింది. తగ్గలేదు.

వారం చూసి, తరగతి నడిపే మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"నా పక్కావిడ రావడం లేదేమండీ?"

"ఇక రారండీ. పక్షవాతంతో మాట పోయింది పాపం. ఇక్కడికొచ్చి ఒక్కో మాటా కూడబలుక్కునేవారు. ఎవరో ఏదో అన్నారట. ఇంట్లో కూడా నోరు తెరవడం లేదని కూతురు ఒకటే ఏడుపు."

టీచరమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఆ అన్నది నేనేనండీ. ఇల్లెక్కడో చెప్పండి, కాళ్లు పట్టుకుంటాను." మెల్లగా అడిగింది. "కానీ, మాటలు నేర్చుకోవడానికి ఇక్కడికెందుకు రావడం?"

మాస్టారు స్పీకరు వైపు చూశాడు.

"ఆ గొంతు ఆవిడదేనండీ... జబ్బు పడకముందుది."