షవర్ మహిమ

నీటి పొదుపుకు ఊరందరికీ నమూనాగా మా ఇంటిని ఎంచుకున్నారు. కుళాయిలన్నీ మార్చేశారు. కొత్త షవర్ కింద నిలబడితే ఒంటిమీది సబ్బు ఆరుతుంది గానీ వదలదు. గుమ్మం పక్కన పెట్టిన 'నమూనా ఇల్లు' బోర్డు మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

ఈ రోజు నీటి శాఖ ఇంజినీరుగారు పై అధికారులను వెంటేసుకొచ్చారు. పెరట్లో మీటరు చూపిస్తూ పొంగిపోయారు.

"చూశారా, వాడకం సగానికి సగం పడిపోయింది! అంతా మన షవర్ మహిమే. ఏమ్మా, మీకేమైనా ఇబ్బందిగా ఉందా?"

"అబ్బే, స్నానాలకి ఏ లోటూ లేదండీ," అన్నాను. అబద్ధమేం కాదు.

అధికారులు చప్పట్లు కొట్టారు. వచ్చే నెల నుంచి వీధి వీధంతా ఇవే షవర్లు బిగించాలని అక్కడికక్కడే తీర్మానించేశారు. పక్కింటి పిన్నిగారి మీటరు ఈ మధ్య మరీ గిర్రున తిరుగుతోందట. అందుకని ఆవిడ ఇంటితోనే మొదలుపెడతారట.

గోడవతల పిన్నిగారు మా ఇంటిల్లిపాది తడి తువాళ్లన్నీ తీగమీద ఆరేస్తున్నారు.

"బిగించండి నాయనా, నేనెందుకు కాదంటాను?" అన్నారావిడ. "కానీ ఒక్క ఇల్లయినా వదిలేయండి. వచ్చే నెల నుంచి వీళ్లందర్నీ వెంటబెట్టుకుని నేనెవరింటికి పోయి స్నానం చెయ్యను?"