లిఫ్టు నోట మా అమ్మాయి పేరు

తలుపు మూసుకోగానే మా లిఫ్టు, ఎక్కిన మనిషి చదువును బట్టి పలకరిస్తుంది. ఐదో అంతస్తు రాజుగారి అబ్బాయిని "డాక్టర్ గారూ" అంటుంది. చేత్తో కీళ్ళు సరిచేసే వైద్యం చదివిన మా మేదినిని "చేతి డాక్టర్ గారూ" అంటుంది. ఏడో తరగతితో బడి మానేసిన నన్ను "మూడో అంతస్తు" అని ఊరుకుంటుంది. ఊళ్ళో మాట్లాడే లిఫ్టులు, గేట్లు అన్నిటిదీ ఇదే వరస; ఎవరికి ఏ సీటొచ్చినా, ఏ పట్టా వచ్చినా వాటికి ఆ క్షణమే తెలిసిపోతుంది.

మేదిని ఎముకల ఆపరేషన్ల పైచదువు సీటుకి పోటీపడింది. చేతి వైద్యం వాళ్ళకి ఆ సీటు రావడం గగనం. ఫలితాల రోజు పొద్దున్నే ఫోను బియ్యం డబ్బాలో పడేసి, "నేను చూడను నాన్నా, పాలకి పోదాం పద," అంది.

లిఫ్టులో రాజుగారు ఉన్నారు. "ఏమ్మా పిసుకుడు డాక్టరూ! ఆ ఎముకల గోల మావాడికొదిలేసి, మా ఆవిడ మెడ చూడరాదూ?"

నాకు ఒళ్ళు మండింది. తలుపు మూసుకుంది.

"నమస్కారం, ఎముకల డాక్టర్ మేదిని గారూ," అంది లిఫ్టు.

రాజుగారు చెప్పుల వైపు చూసుకున్నారు. మేదిని నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. లిఫ్టు నన్ను మామూలుగానే "మూడో అంతస్తు" అంది. ఆ మాట నన్ను నొప్పించకపోవడం అదే మొదటిసారి.

కిందికి వచ్చాక దిగి, మేదిని చెయ్యి పట్టుకుని మళ్ళీ ఎక్కాను.

"పాలు నాన్నా?"

"ఉండవే. ఇంకోసారి అననీ."