చేను దాటిన కౌజుపిట్ట

బలుసు పొదలో ఒక కౌజుపిట్టల జంట కాపురం ఉండేది. కోపం వస్తే మగపిట్ట పెళ్ళాం తలను నెత్తురు వచ్చేలా పొడిచేవాడు. "పాపం, ఆకలి మీదున్నాడు. నేనే అడ్డొచ్చాను," అనేది ఆడపిట్ట. రెండుసార్లు పొద విడిచి వెళ్ళింది. రెండుసార్లూ అతను చెదపురుగులు తెచ్చిపెట్టి, మెత్తగా పిలిచేసరికి తిరిగొచ్చింది.

"నీకు రోషమే లేదా వదినా?" అని పక్క చెట్టు మీది ఉడత కసురుకునేది.

ఒక ఉదయం మగపిట్ట కూతుర్ని పొడిచాడు. తల్లి పరుగున వెళ్ళి రెక్క కిందికి తీసుకుంది. ఆ పిల్ల ఏడవలేదు. "నాన్న తప్పు కాదమ్మా, నేనే అడ్డొచ్చాను," అంది.

ఆ మాట పిల్ల నోట వినగానే అది ఎంత అబద్ధమో తల్లికి మొదటిసారి తెలిసింది. అతను మేతకు వెళ్ళగానే ఐదుగురు పిల్లలనూ వెంటబెట్టుకుని బయలుదేరింది.

ఎదురుగా దున్నిన చేను. దాక్కోవడానికి గడ్డిపోచ కూడా లేదు. పైన డేగ తిరుగుతోంది. సగం దూరం వెళ్ళేసరికి వెనక నుంచి ఆ మెత్తని పిలుపు వినిపించింది. ఆమె కాళ్ళు ఆగిపోయాయి. చెట్టు మీద ఉడత ఊపిరి బిగబట్టింది.

ఆమె వెనక్కి తిరగలేదు. ఒళ్ళంతా వణుకుతుండగానే మళ్ళీ అడుగు వేసింది. అవతలి గట్టు చేరేదాకా ఆగలేదు.

ఉడత గట్టు వెంట పరుగెత్తి ఎదురెళ్ళింది. "నీకు భయం వేయలేదా వదినా?"

"ఇంకా వేస్తూనే ఉంది," అంది కౌజుపిట్ట, పిల్లలను తుప్పల్లోకి తోస్తూ.

ఇన్నాళ్ళూ తాను కసురుకున్నది ఈ పిట్టనేనా అని, ఉడత ఆ వణికే కాళ్ళనే చూస్తూ నిలబడిపోయింది.