పుట్టిన వారానికే

"అదృష్టవంతులండి," అన్నాడు రాజమండ్రి పిల్లల డాక్టరు. "కొత్త రక్తపరీక్ష పుణ్యమా అని, మీ బాబుకి థైరాయిడ్ లోపముందని పుట్టిన వారానికే తెలిసింది. రోజూ మాత్ర వేస్తే అందరిలాగే చదువుకుంటాడు."

వెంకటదుర్గ, ఎనిమిదేళ్లొచ్చినా మాటలు రాని కూతురు మంజుషను ముందుకు జరిపింది. "దీనికీ ఆ పరీక్ష చేయండి బాబూ."

మర్నాడు రిపోర్టు చూసి డాక్టరు తల దించుకున్నాడు. "అదే లోపమండి. ఇప్పుడు మాత్ర వేసినా బుద్ధి ఎదగదు. పాప పుట్టినప్పుడు ఈ పరీక్ష ఉండుంటే..."

"పోన్లెండి, మగపిల్లాడు దక్కాడు," అంది అత్తగారు అచ్చాయమ్మ, మనవణ్ని ముద్దాడుతూ.

సూది గుచ్చిన చోటు ఇంకా నొప్పిగా ఉందేమో, మంజుష తన చెయ్యి తల్లి నోటి దగ్గర పెట్టింది, ఊదమని.

ఊదబోతే వెంకటదుర్గకు ఊపిరి రాలేదు.